అడగడం నేర్పే ఉద్యోగం

ఈసారి గోడపత్రికకు "చదువు అయినాక నేను చేయాలనుకునే పని" అనే విషయం ఇచ్చినారు మేడమ్. ఇప్పటికే అంటించిన కాగితాలన్నీ చదివినాను. టీచర్లు తొమ్మిదిమంది, బ్యాంకు ఆఫీసర్లు నలుగురు, కలెక్టర్లు ఇద్దరు, న్యూస్ రీడర్ ఒకరు. నా పనికి మాత్రం తెలుగులో పేరు దొరకలేదు. ఇంగ్లీషులో హెల్త్ సర్వే మెథడాలజిస్ట్ అంటారు. నిఘంటువు ముందు పెట్టుకుని 'ఆరోగ్య సర్వేక్షణ పద్ధతి శాస్త్రజ్ఞురాలు' అని కూర్చినాను. నాన్నకు చెబితే, "దాన్ని విజిటింగ్ కార్డు మీద అచ్చు వేస్తే నీ పేరుకు చోటుండదు" అన్నాడు.

అందుకని పేరు వదిలేసి పని చెబుతాను. ఒక రాష్ట్రంలో ఎంతమందికి రక్తం తక్కువగా ఉంది, ఎంతమంది పిల్లలు ఏడాది నిండకముందే పోతున్నారు అని తెలియాలంటే ఎవరినో అడగాలి. ఎవరిని అడగాలి, ఎంతమందిని అడగాలి, ఏ మాటలతో అడగాలి, అడిగేటప్పుడు పక్కన ఎవరు ఉండకూడదు, వచ్చిన జవాబు నమ్మదగిందో కాదో ఎట్లా పట్టుకోవాలి, ఇవన్నీ ముందుగా ఆలోచించి పెట్టే మనిషి ఒకరుంటారు. ఇంటింటికీ పోయి తలుపు తట్టే అక్క వేరు. ఆమె చేతిలోని ప్రశ్న ఎట్లా ఉండాలో తేల్చేది ఈ మనిషి. నేను ఆ మనిషిని కావాలనుకుంటున్నాను.

నేను చదివేది బి.ఏ. ఎకనామిక్స్. తెలుగు నాకు పార్ట్ వన్ మాత్రమే. మాది హోసూరు పక్కన. అమ్మది తెలుగిల్లు, నాన్నది ధర్మపురి తమిళం. అమ్మతో తెలుగు, నాన్నతో తమిళం, పాట్టితో ఇంకా గట్టి తమిళం, పాలాయనతో కన్నడం. ఎవరితో ఏ భాషలో మాట్లాడాలో ఆలోచించుకోకుండానే నోరు తిరుగుతుంది. ఇది ఒక అర్హత అని నాకు ఈ మధ్యదాకా తెలియదు.

పోయిన సెమిస్టర్లో స్టాటిస్టిక్స్ ఎలైడ్ పేపర్ కోసం ఒక్కొక్కరం ఇరవై ఇండ్లు తిరిగి చిన్న సర్వే చేసినాము. ప్రశ్నలు అచ్చువేసి ఇచ్చినవే. అందులో ఒకటి, "మీకు బి.పి. ఉందా?" మా వీధిలో ఒక పెద్దమ్మ "లేదు తల్లీ" అంది. నేను టిక్కు పెట్టి లేస్తూ ఉంటే ఆమె లోపలికి తిరిగి కోడలితో, "నా బి.పి. మాత్ర యాడ పెట్టినావే?" అని అడిగింది. మళ్ళీ కూర్చున్నాను. "బి.పి. లేదన్నారు కదా పెద్దమ్మా?" "మాత్ర మింగతా ఉండా కదా, ఇంక యాడ ఉంటుంది?" అంది.

ఆమె అబద్ధం చెప్పలేదు. ఆమె లెక్కలో మాత్ర మింగేవాళ్ళకు జబ్బు లేనట్టే. ఇరవై ఇండ్లలో ఇట్లాంటివి మూడు తగిలినాయి. మిగతా పదిహేడు ఇండ్లలో నేను ఉన్నప్పుడు ఎవరూ మాత్రల డబ్బా అడగలేదు, అంతే.

అందుకే పెద్ద సర్వేల్లో బి.పి. ఉందా అని అడిగి ఊరుకోరు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మిషన్ పెట్టి మూడుసార్లు కొలుస్తారు, మధ్యలో కొన్ని నిమిషాలు ఆగి ఆగి. మొదటి కొలతను పక్కన పెట్టేసి తరువాతి రెండిటి సగటు తీసుకుంటారు. ముక్కూమొహం తెలియనివాళ్ళు వచ్చి చేతికి పట్టీ చుడితే ఎవరికైనా కాస్త లేస్తుంది కదా. మాత్ర వాడుతున్నారా అన్నది వేరే ప్రశ్న. ఈ మూడుసార్లు, ఈ ఆగడం, ఈ వేరే ప్రశ్న, ఇవి ఆకాశం నుంచి ఊడిపడలేదు. ఎవరో కూర్చుని ఆలోచించి పెట్టినవే. ఆ ఎవరో ఎవరు అనే దగ్గర నాకు దీని మీద ఆశ మొదలైంది.

అన్నం ఉడికిందా అని చూడడానికి ఒక్క మెతుకు చాలంటారు. శాంపిల్ అంటే ఏమిటో చెప్పడానికి మా సారు కూడా ఇదే చెప్పినారు. వంట తెలిసినవాళ్ళు దీన్ని ఒప్పుకోరు. పెళ్ళిలో కట్టెల పొయ్యి మీద గుండిగ ఎక్కిస్తే అడుగున మాడి ఉంటుంది, పైన పలుకు ఉంటుంది. పై మెతుకు పట్టుకున్నాయన ఒకటి చెబుతాడు, అడుగు మెతుకు పట్టుకున్నాయన ఇంకొకటి చెబుతాడు. బాగా కలిపినాక పట్టుకోవాలి. దేశాన్ని గరిటె పెట్టి కలపలేము కనుక, ఏ ఇంటికి పోవాలి అన్నది మన ఇష్టానికి వదలకుండా లెక్క ప్రకారం తీస్తారు.

2019-21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 6,36,699 ఇండ్లలో వివరాలు తీసుకున్నారు. 7,24,115 మంది ఆడవాళ్ళను, 1,01,839 మంది మగవాళ్ళను అడిగినారు. వినడానికి పెద్ద అంకెలే, దేశంలో ఉండే ఇండ్లతో పోలిస్తే మెతుకులే. ఎంచిన ప్రతి చోటికీ ముందు ఒక జట్టు పోయి అన్ని ఇండ్లకూ పటం గీసి జాబితా రాస్తుంది. ఆ జాబితా నుంచి వరసలో సమానంగా ఎడం వదులుకుంటూ 22 ఇండ్లు తీస్తారు. ఇక్కడొక నియమం ఉంది. తీసిన ఇంటికి తాళం ఉంటే పక్కింటికి పోకూడదు. మళ్ళీ రావాలి. అప్పుడూ తాళమే ఉంటే మళ్ళీ రావాలి.

ఇదేం మొండితనం అనిపిస్తుంది కదా. మా హోసూరులో సిప్‌కాట్ పక్క వీధులను తలుచుకుంటే అర్థమైపోతుంది. పగలు పదకొండింటికి ఎవరింటికి తాళం ఉంటుంది? మొగుడూ పెళ్ళాం ఇద్దరూ షిఫ్టుకు పోయిన ఇంటికి. ఎవరి తలుపు తెరిచి ఉంటుంది? ముసలివాళ్ళు, బాలింతలు, కాలు విరిగి పడుకున్నవాళ్ళు ఉండే ఇంటిది. తాళం చూసి పక్కింటికి పోతూ ఉంటే మన రిపోర్టులో తమిళనాడులో ఉద్యోగం చేసే ఆడదే లేకుండా పోతుంది.

ఇట్లాంటి నియమాలు కట్టినవాళ్ళ గురించి వెదుకుతూ పోతే నాకు బాగా పట్టుకున్న పేరు సి. చంద్రశేఖరన్. ఆయన కలకత్తాలో ఆల్ ఇండియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హైజీన్ అండ్ పబ్లిక్ హెల్త్‌లో పనిచేసినారు. ఆ ఊరికి దగ్గరలో సింగూరు అనే చోట ఆ సంస్థ ఆరోగ్య కేంద్రం ఉండేది. (కార్ల ఫ్యాక్టరీ గొడవ జరిగిన సింగూరు అదే.) అక్కడ పుట్టుకలూ చావులూ రాసుకునే రిజిస్టరు ఉంది కానీ అందులో ఎక్కనివి ఎన్నో. 1947లో ఇంటింటికీ మనుషులను పంపి, మీ ఇంట్లో ఎవరు పుట్టినారు, ఎవరు పోయినారు అని అడిగించి వేరే జాబితా రాయించినారు. రెండూ పక్కపక్కన పెడితే రిజిస్టర్లో ఉన్నవి కొన్ని సర్వేలో లేవు, సర్వేలో ఉన్నవి కొన్ని రిజిస్టర్లో లేవు.

మనమైతే ఏది తప్పు అని కొట్లాడుకుంటాం. చంద్రశేఖరన్, అమెరికా గణాంక శాస్త్రజ్ఞుడు ఎడ్వర్డ్స్ డెమింగ్ కలిసి 1949లో రాసిన వ్యాసంలో ఇంకో మాట చెప్పినారు. రెండు జాబితాలూ లోపం ఉన్నవే అయినా, రెండిటినీ కలిపి చూస్తే ఏ జాబితాలోనూ లేనివాటిని కూడా లెక్కకట్టవచ్చు అని.

ఎట్లాగో నేను ఊహించుకున్న అంకెలతో చెబుతాను. రిజిస్టర్లో 40 పుట్టుకలు, సర్వేలో 36 అనుకోండి. రెండిట్లోనూ ఉన్నవి 30. అంటే రిజిస్టర్లో మాత్రమే ఉన్నవి 10, సర్వేలో మాత్రమే ఉన్నవి 6. ఆ పదినీ ఆరునీ హెచ్చవేసి ముప్పైతో భాగిస్తే 2. రెండిటి కంటా పడనివి ఆ రెండు. మొత్తం 48. ఇది మొదటిసారి చేసినప్పుడు నాకు వొళ్ళు జలదరించింది. ఎవరూ రాయని ఇద్దరు బిడ్డలు ఒక భాగహారంలో నుంచి బయటికి వచ్చినారు. లెక్కలంటే నాకు పెద్ద ప్రేమ ఏమీ లేదు, ప్లస్ టూలో మార్కులు అడగొద్దు. కానీ ఈ లెక్కను మాత్రం రెండుసార్లు చేసుకుని చూసినాను.

ఈ ఆలోచన పుస్తకంలో ఉండిపోలేదు. మన దేశంలో శాంపిల్ రిజిస్ట్రేషన్ సిస్టమ్ అని ఒకటి నడుస్తోంది. 1964-65లో ప్రయోగంగా మొదలై 1969-70 నాటికి పూర్తిగా అమలులోకి వచ్చింది. ఎంచిన చోట్ల ఆ ఊరి మనిషే ఒకరు, టీచరో అంగన్‌వాడీ అమ్మో, ఏడాది పొడవునా పుట్టుకలూ చావులూ రాస్తూ ఉంటారు. ఆరు నెలలకొకసారి సూపర్‌వైజరు విడిగా వచ్చి ఇల్లిల్లూ అడిగి తన జాబితా తాను రాసుకుంటాడు. తరువాత రెండూ పోల్చి, కలవనివాటి కోసం మళ్ళీ ఆ ఇంటి తలుపు తడతారు. దేశంలో శిశుమరణాల రేటు ఇంత అని పేపర్లో ఏటా చదివేది ఎక్కువగా ఇక్కడినుంచి వచ్చిన అంకెనే.

చంద్రశేఖరన్ ఆ తరువాత మైసూరు జనాభా అధ్యయనంలో ముఖ్యుడుగా పనిచేసినారు. ఐక్యరాజ్యసమితి, భారత ప్రభుత్వం కలిసి 1951-52లో బెంగళూరులోనూ మైసూరు రాష్ట్రం పల్లెల్లోనూ చేసిన సర్వే అది. రిపోర్టు 1961లో వచ్చింది. మా ఇంటినుంచి బెంగళూరు 40 కిలోమీటర్లు. మా అవ్వ వయసు ఆడవాళ్ళను ఎవరో తలుపు తట్టి అడిగి ఉంటారని తలుచుకుంటే ఆ రిపోర్టు మా పక్కవీధిదే అనిపిస్తుంది. బొంబాయిలో 1956లో పెట్టిన జనాభా శిక్షణ, పరిశోధన కేంద్రానికి కూడా ఆయన డైరెక్టరుగా ఉన్నారు. ఇప్పుడు దాని పేరు ఐ.ఐ.పి.ఎస్. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలను నడిపించేది ఆ సంస్థే.

అయితే నేను చెప్పిన లెక్కకు ఒక షరతు ఉంది. రెండు జాబితాలకూ ఒకదానితో ఒకటి సంబంధం ఉండకూడదు. ఒకరు చూసి ఇంకొకరు రాస్తే అంతా చెడిపోతుంది, ఇది పరీక్ష హాల్లో ఇన్విజిలేటర్‌కు కూడా తెలుసు. ఎవరూ కాపీ కొట్టకపోయినా సంబంధం ఏర్పడవచ్చు, అదీ కష్టం. కొన్ని రకాల పుట్టుకలను ఇంటివాళ్ళు ఎవరికీ చెప్పరు. టీచరమ్మకు చెప్పరు. అదే కారణం చేత సూపర్‌వైజరుకూ చెప్పరు. అప్పుడు ఆ భాగహారంలో నుంచి వాళ్ళు బయటికి రారు. చంద్రశేఖరన్, డెమింగ్ ఈ చిక్కును ఆ వ్యాసంలోనే చూసినారు, జనాన్ని ఒకే తీరున్న చిన్న గుంపులుగా విడదీసి లెక్క కట్టమన్నారు. అది కొంతవరకు పనిచేస్తుంది. ఇంటి లోపలి మౌనానికి మాత్రం లెక్క చాలదు. అక్కడ ప్రశ్నే మారాలి.

ఇక్కడినుంచి రాసేది మా ఇంటి విషయం. అమ్మను అడిగి, సరేనన్నాకనే రాస్తున్నాను.

నేను ప్లస్ టూలో ఉండగా మా ఇల్లు కూడా ఒక ఆరోగ్య సర్వేలో పడింది. ఇద్దరు అక్కలు వచ్చినారు. ఒకామె పాట్టిని అరుగు మీద కూర్చోబెట్టి, నింపాదిగా, బి.పి. చూసి, మళ్ళీ చూసి, మందుల సంగతీ మోకాళ్ళ సంగతీ మాట్లాడిస్తూ ఉంది. ఇంకొకామె లోపల అమ్మతో తలుపు దగ్గరికి వేసుకుని కూర్చుంది. నన్ను తరువాత పిలుస్తామని మేడ మీదికి పంపించినారు. అప్పుడు నాకు అందులో విశేషమేమీ కనబడలేదు. అత్త వింటూ ఉంటే కోడలు చెప్పలేని మాటలు కొన్ని ఉంటాయని ఎవరో తెలిసినవాళ్ళు ఆ పద్ధతి పెట్టి ఉంటారని ఇప్పుడు అనిపిస్తుంది.

ఆ రాత్రి వంటింట్లో గిన్నెలు కడుగుతూ అమ్మ చెప్పింది.

"నీకు ముందర ఒక బిడ్డ పుట్టె. ఆడబిడ్డ. రెండు దినాలు ఉండె."

నేను ఏమీ అనలేకపోయినాను. కాసేపటికి, నాకెప్పుడూ చెప్పలేదేమ్మా అన్నాను.

"ఎవరన్నా అడిగితే కదా. ఎంతమంది పిల్లోళ్ళని అడుగుతారు. ఇద్దరంటాను. నువ్వూ తమ్ముడూ, ఇద్దరే కదా."

మరి ఈ రోజు ఎందుకు చెప్పినావు అంటే, ఆ అక్క అడిగిన తీరు చెప్పింది. ఆమెది బర్గూరు పక్క. అంతసేపూ తమిళంలోనే అడుగుతూ ఉంది. పుట్టి పోయిన బిడ్డలు ఎవరన్నా ఉన్నారా అని అడిగితే అమ్మ లేదంది. "మీ పాట్టి బయట ఉండాది కదా, ఎందుకులే అనుకొంటిని." అప్పుడు ఆ అక్క ఒక్క క్షణం ఆగి, తెలుగులోకి మారి అడిగిందంట: "ఏడ్చి, కొంచేపన్నా ఊపిరి తీసి, ఆమీద పోయిన బిడ్డ కూడా లేదా అక్కా?"

"ఏడ్చిందమ్మా," అంది అమ్మ నాతో. "బాగా ఏడ్చింది. లేదని ఎట్ల చెప్పేది?"

ఇంకేమీ మాట్లాడలేదు. గిన్నెలు బోర్లించి పోయి పడుకుంది. పాట్టి మీద నాకు కోపం లేదు. పోయిన బిడ్డ మాట ఎత్తితే ఉన్న బిడ్డలకు మంచిది కాదని ఆమె నమ్మకం. ఆమె కూడా ఎవరి మాటలు ఎత్తకుండా ఉండిపోయిందో నాకు తెలియదు కదా.

కాలేజీకి వచ్చి ఇట్లాంటి సర్వేల ప్రశ్నపత్రాలు చూసినప్పుడు తెలిసింది, ఆ రెండో ప్రశ్న ఆ అక్క మంచితనంతో అప్పటికప్పుడు తోచింది కాదు. అది అచ్చులో ఉంది. చాలా దేశాల్లో చేసే ఇట్లాంటి సర్వేల్లో, పుట్టి పోయిన బిడ్డ ఉన్నారా అని అడిగినాక లేదు అని జవాబు వస్తే, ఏడ్చిన బిడ్డ గానీ ప్రాణం ఉన్న గుర్తు చూపిన బిడ్డ గానీ ఉన్నారా అని మళ్ళీ అడగమని రాసి ఉంటుంది. అంటే ఆడవాళ్ళు మొదటిసారి లేదంటారని, ఎందుకంటారో కూడా, ఎవరో ముందే ఎరిగి ఉన్నారు. మా అమ్మ పేరు తెలియదు, ఊరు తెలియదు, ఆమె లేదు అంటుందని మాత్రం తెలుసు.

ఆ పత్రం ఇంకా చదువుతూ పోయినాను. కొడుకులు, కూతుళ్ళు విడివిడిగా అడుగుతారు. మీ దగ్గర ఉండేవాళ్ళు ఎంతమంది, వేరేచోట ఉండేవాళ్ళు ఎంతమంది, పోయినవాళ్ళు ఎంతమంది. అన్నీ కలిపి అడిగితే పెళ్ళయి పోయిన కూతురు లెక్కలో జారిపోతుంది. తరువాత మొదటి కాన్పు నుంచి ఒక్కొక్క బిడ్డ పేరు అడుగుతారు. పేరు పెట్టకముందే పోయిన బిడ్డకు 'బేబీ' అని రాయమని అడిగేవాళ్ళకు సూచన. పోయేనాటికి వయసు నెలలోపు అయితే దినాల్లో రాయాలి, రెండేళ్ళలోపు అయితే నెలల్లో. 'ఏడాదికి పోయినాడు' అని చెబితే సరిగ్గా ఎన్ని నెలలు అని మళ్ళీ అడగాలి, ఎందుకంటే పదకొండు నెలలకు పోయిన బిడ్డ శిశుమరణాల్లోకి వస్తాడు, పన్నెండు అని రాస్తే రాడు.

మా అక్కకు రేషన్ కార్డులో పేరు లేదు. ఫోటో లేదు. బర్త్ సర్టిఫికెట్ లేదు. ఆ అక్క చేతిలోని చిన్న కంప్యూటర్లో 'బేబీ, ఆడ, 2 దినాలు' అని ఉండి ఉంటుంది. నిజం చెప్పాలంటే ఆమె వల్ల ఏ అంకే మారలేదు. అట్లాంటి సర్వేల్లో ముఖ్యంగా చెప్పే శిశుమరణాల రేటు గడిచిన ఐదేళ్ళ పుట్టుకలకు కట్టేది. మా అక్క అంతకు చాలా ముందుది. అయినా మొదటి కాన్పు నుంచే అడుగుతారు, వరస తప్పితే ఆడవాళ్ళకు జ్ఞాపకం తెగిపోతుందని. ఈ సంగతి అమ్మకు చెప్పినాను. "పోనీలే, రాసుకున్నారు కదా" అంది.

ఇక్కడ నాకు తేలని ఒక విషయం ఉంది, మీరు కూడా ఆలోచించండి. ఆ అక్క తెలుగులోకి మారడం మంచిదా, చెడ్డదా? అమ్మకు మంచే జరిగింది. పద్ధతి ప్రకారం చూస్తే అది ప్రమాదం. అందరినీ ఒకే మాటతో అడిగితేనే జవాబులను పోల్చవచ్చు. వందమంది అక్కలు వందరకాలుగా అక్కడికక్కడ అనువాదం చేసుకుంటే వంద సర్వేలు జరిగినట్టు. అందుకే ముందే ఆయా భాషల్లోకి అనువదించి అచ్చు వేస్తారు. ప్రశ్నపత్రం మొదటి పేజీలో ప్రశ్నలు ఏ భాషలో ఉన్నాయి, ఏ భాషలో అడిగినారు, జవాబు చెప్పినామె సొంత భాష ఏది, మధ్యలో ఎవరైనా అనువదించినారా అని గడులు ఉంటాయి. ఆ గడులు మా ఇంటి కోసమే పెట్టినట్టు ఉంటాయి. తమిళనాడులో తమిళంలో అడిగితే చాలనుకునేవాళ్ళకు కృష్ణగిరి జిల్లా తెలియదు.

తెలుగులో అచ్చు వేస్తే సరిపోతుందా అంటే అదీ చెప్పలేను. ఇంగ్లీషులో గర్భస్రావం ఒక మాట, చచ్చి పుట్టడం ఒక మాట, పుట్టి పోవడం ఇంకొక మాట. మన ఇండ్లలో ఆడవాళ్ళు ఏమంటారు? "దక్కలేదు" అంటారు. "నిలవలేదు" అంటారు. మూడో నెలలో పోయినా దక్కలేదు, పురిట్లో పోయినా దక్కలేదు, మూడు నెలలు పెరిగి జ్వరంతో పోయినా దక్కలేదు. మా నాన్నవైపు తమిళంలో కూడా ఇదే తీరు, "కొళందె తంగల" అంటారు, ఉండిపోలేదు అని. ఈ మాటలు కప్పడానికి పుట్టినవి. చెప్పకుండా చెప్పడానికి. సర్వేకు కావలసింది దీనికి తలకిందులు, ఏది ఏ గడిలోకి పోతుందో తేలాలి. "మీకు జీవజననం తరువాత మరణించిన శిశువు ఉన్నదా" అని పాఠ్యపుస్తకం తెలుగులో అడిగితే మా అమ్మ ఏమిటమ్మా అని నా మొహం చూస్తుంది. "దక్కని బిడ్డలున్నారా" అని అడిగితే అవునంటుంది, ఏ గడిలో వేయాలో తెలియదు. "ఏడ్చిందా?" అన్న ఒక్క మాట ఎవరినీ నొప్పించకుండా గీత గీస్తుంది. అట్లాంటి మాట కనిపెట్టడం భాష చదువుకున్నవాళ్ళ పని కాదా? ఈ ఉద్యోగానికి స్టాటిస్టిక్స్ మాత్రమే చాలు అనేవాళ్ళతో నేను వాదిస్తాను.

ఈ పనిలో పోలీసు వేషం కూడా కొంచెం ఉంది. ఇట్లాంటి సర్వేల్లో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళకే పెద్ద ప్రశ్నపత్రం. ఎండలో తిరిగి అలిసిపోయిన అక్క ఎవరైనా 48 ఏళ్ళామెను 50 అని రాసేస్తే ఒక గంట మిగులుతుంది. అందుకని సర్వే నడుస్తూ ఉండగానే ఒక్కో జట్టు పంపిన వయసులను వరసగా పెట్టి చూస్తారు. ఒక జట్టు తిరిగిన చోట 49 ఏళ్ళవాళ్ళు మాయమై 50 ఏళ్ళవాళ్ళు గుంపుగా కనబడితే ఫోను పోతుంది. ఈ ముక్క చెబితే నాన్నకు భలే నచ్చింది. ఆయనది గోడౌన్ స్టాకు లెక్కల ఉద్యోగం.

నచ్చినా ఒప్పుకోలేదు. "బి.ఎడ్. చేస్తే పక్కన ఏదన్నా స్కూల్లో ఉంటావు. ఇదేమో ఊరూరా తిరిగేది, ఎవరో ఇంట్లోకి పోయి వాళ్ళ సంసారం అడిగేది" అంటాడు. ఊరూరా తిరిగేది మొదట్లోనే, ఆమీద ఆఫీసులో కూర్చుని చేసేదే ఎక్కువ అని నేను చెబుతాను. అది పూర్తి నిజం కాదని నాకు తెలుసు. తలుపు తట్టనివాళ్ళు మంచి ప్రశ్న రాయలేరు, ఆ మాట నాన్నకు ఇంకా చెప్పలేదు. బొంబాయి ఐ.ఐ.పి.ఎస్.లో జనాభా అధ్యయనాల్లో ఎం.ఏ. ఉంది. ప్రవేశ పరీక్ష రాయాలి. లెక్కలు మళ్ళీ మొదటినుంచి పట్టుకోవాలి, దానికోసం మ్యాథ్స్ డిపార్టుమెంటు సీనియర్ అక్క ఒకామెను శనివారాలు పీడిస్తున్నాను.

ఇంట్లో ఈ వాదం నడిచినప్పుడల్లా అమ్మ ఎవరి పక్కా మాట్లాడదు. పోయిన వారం నాన్న, "ఎవరో వచ్చి అడిగితే మన ఇంటి సంగతి మనం చెబుతామా?" అని తమిళంలో అన్నాడు. అమ్మ చపాతీ ఒత్తుతూ తల ఎత్తకుండా, తెలుగులో, "సరిగ్గ అడిగితే చెబుతాము" అంది. నాన్న ఇంకేమీ అనలేదు. అప్లికేషన్ ఎప్పుడు వస్తుందో కనుక్కోమని మర్నాడు తమ్ముడితో చెప్పినాడంట.

ఇప్పుడు మీతో ఒక పని ఉంది. మనలో గుడియాత్తం వాళ్ళున్నారు, కోయంబత్తూరు వాళ్ళున్నారు, రాజపాళెం వాళ్ళున్నారు, కోలారు నుంచి వచ్చి హాస్టల్లో ఉండేవాళ్ళున్నారు. మీ ఇండ్లలో అమ్మమ్మలు, అవ్వలు, పెద్దమ్మలు ఈ మూడిటికీ ఏ మాట వాడతారో నాకు కావాలి: నెలలు నిండకముందే కడుపు పోవడం, చచ్చి పుట్టడం, పుట్టి కొన్నాళ్ళకు పోవడం. మూడిటికీ ఒకే మాట అయితే అట్లాగే రాయండి. తమిళం మాట, కన్నడం మాట అయినా సరే. ఎవరి ఇల్లో రాయొద్దు, ఊరు పేరు చాలు. ఈ కాగితం కింద తెల్ల చార్టు అంటించినాను, దారానికి పెన్సిలు కట్టి ఉంది. ఇప్పటికి హోసూరు మాటలు రెండే ఉన్నాయి.